తెల్లపూల పొద ఏదో తేల్చుకోవడం ఎలా: నందివర్ధనం, మల్లె, పారిజాతం, నాగగొలుగు, గార్డీనియా

కొత్తగా దిగిన ఇంటి ప్రహరీ పక్కన ఓ పొద ఉంటుంది. పాతవాళ్లు నాటి వెళ్లినది. తెల్లపూలు పూస్తుందని పక్కింటివాళ్లు చెబుతారు కానీ పేరు దగ్గరికి వచ్చేసరికి ఒకరు నందివర్ధనం అంటారు, మరొకరు మల్లె అంటారు. నర్సరీలోనూ ఇదే చిక్కు. నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో జానెడు మొక్కలు, అన్నింటికీ పచ్చటి ఆకులే, పూలు ఒక్కదానికీ ఉండవు. ఏది తీసుకుంటున్నామో తెలియకుండానే డబ్బు ఇచ్చేస్తాం.

తెలుగువారి పెరళ్లలో తెల్లగా పూసి, ఒకదానికొకటి పొరపడేలా ఉండే ఐదు పొదల గురించి ఈ సలహా. ఇప్పటికే ఉన్న మొక్క ఏదో తెలుసుకోవాలనుకునేవారికీ, కొత్తగా ఏది నాటాలో తేలనివారికీ పనికొస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ మొక్కల్ని పువ్వు రూపం చూసి గుర్తుపట్టాలనుకుంటే తరచూ పొరబాటే జరుగుతుంది. ఏడాది పొడుగునా మొక్క ఏం చేస్తుందో చూస్తే పొరబాటుకు చోటుండదు. ఎంచుకోవడానికి కూడా అదే సరైన దారి, ఎందుకంటే మీరు కొనేది ఒక పువ్వును కాదు, పన్నెండు నెలల పాటు వాకిట్లో నిలబడే పొదను.

## ముందు చూడాల్సినవి

రేకులు లెక్కపెట్టడం మానేయండి. పారిజాతానికి ఐదు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. మల్లెలో ఒంటిరేకు రకం, దొంతర రకం, గుండ్రంగా ముద్దగా ఉండే బొడ్డుమల్లె ఉన్నాయి. నందివర్ధనంలో ఒంటిరేకుదీ, ముద్దదీ ఉన్నాయి. ముద్ద నందివర్ధనాన్నీ గార్డీనియానూ పక్కపక్కన పెడితే అనుభవం ఉన్నవారే ఓ క్షణం ఆగుతారు.

వాటికి బదులు నాలుగు విషయాలు చూడాలి. ఏ నెలల్లో పూస్తోంది? పువ్వు ఏ వేళకు విచ్చుకుని ఏ వేళకు రాలుతోంది? ఆకు తుంచితే పాలు వస్తాయా, చేతికి ఎలా తగులుతుంది, నలిపితే ఏ వాసన? పూత అయిపోయాక కొమ్మ మీద ఏం మిగులుతోంది?

మూడోది ఏ రోజైనా చేయగల పరీక్ష. మిగతావాటికి ఓపిక కావాలి, కానీ సందేహం పూర్తిగా తీరేది వాటితోనే.

| పొద | ముఖ్యమైన పూత | పువ్వు తీరు | ఆకు, పాలు | పూత లేనప్పుడు |
|---|---|---|---|---|
| నందివర్ధనం | ఏడాదంతా, వానల్లో ఎక్కువ | పగలంతా విచ్చుకునే ఉంటుంది | నునుపు, ముదురాకుపచ్చ. తెల్లని పాలు | ఎప్పుడూ పచ్చగానే, కాయలు అరుదు |
| మల్లె | మార్చి–జూన్ | సాయంత్రం మొగ్గ విచ్చుతుంది | పలచని ఆకు. పాలు లేవు | చలికాలంలో కళ తప్పుతుంది, కాయలు ఉండవు |
| పారిజాతం | ఆగస్టు–డిసెంబరు | సంధ్య వేళ విచ్చి తెల్లవారేసరికి రాలుతుంది | గరుకు ఆకు, పలకల కొమ్మ. పాలు లేవు | చలికాలంలో బిళ్ల కాయలు, వేసవిలో ఆకు పలచన |
| నాగగొలుగు | వాన పడ్డాక విడతలుగా | పొదంతా ఒకేసారి పూసి ఒకేసారి రాలుతుంది | చిన్న ఆకుల రెమ్మ, నిమ్మజాతి వాసన. పాలు లేవు | పచ్చగా ఉంటుంది, ఎర్రటి చిన్న పండ్లు |
| గార్డీనియా | మార్చి–మే, ఒక్కోసారి వానల్లో | కొన్ని రోజులు నిలిచి పసుపు రంగుకు తిరుగుతుంది | మందం, మెరుపు, లోతైన ఈనెలు. పాలు లేవు | మెలితిరిగిన మొగ్గలు వారాల తరబడి నిలుస్తాయి |

పట్టిక చదివే వరుస ఇది. ఆకు తుంచండి. పాలు కారితే నందివర్ధనం. కారకపోతే ఒక్కో ఆకు విడిగా ఉందా, రెమ్మకు అటూ ఇటూ చిన్న ఆకులు వరుసగా ఉన్నాయా చూడండి. రెమ్మ అయితే నాగగొలుగు. విడి ఆకు చేతికి గరుకుగా తగిలితే పారిజాతం. ఇక మిగిలేవి మల్లె, గార్డీనియా. వాటిని విడదీయడం కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

## నందివర్ధనం

రోజూ పూజకు పూలు కావాలనుకునే ఇంటికి దీన్ని మించినది లేదని నా నమ్మకం. డిసెంబరు, జనవరి చలిలో పూత కాస్త తగ్గుతుందే తప్ప ఆగిపోదు. తొలకరి పడ్డాక కొమ్మ చివర్లన్నీ తెల్లబడతాయి. ఒంటిరేకు రకంలో ఐదు రేకులూ ఒకే వైపుకు మెలి తిరిగి ఉంటాయి. ముద్ద రకానికి రాత్రిపూట మంచి సువాసన ఉంటుంది. ఒంటిరేకు దానికి వాసన నామమాత్రం. కొనేటప్పుడు ఈ తేడా అడగకపోతే తర్వాత బాధపడేది మనమే. వాసన కోసం కొనేవారు ముద్ద రకమనే గట్టిగా అడగాలి, ఒక్క పువ్వయినా ఉన్న మొక్కనే తీసుకోవాలి.

కొమ్మలు రెండేసిగా చీలుతూ పోవడం దీని అలవాటు. మొక్క అడ్డంగా గుబురుగా పెరుగుతుంది, ఆరేడు అడుగులకు తేలిగ్గా చేరుతుంది. ఎప్పుడు కత్తిరించినా ఓర్చుకుంటుంది. కొమ్మ నాటితే నాటుకుంటుంది. కాస్త నీడ పడినా పూస్తుంది, అయితే ఎండలో పూసినంత కాదు.

దీని ఆకుల్ని తినే ఒక లావుపాటి ఆకుపచ్చ గొంగళిపురుగు ఉంది. తల వెనుక రెండు నీలి కళ్ల లాంటి మచ్చలుంటాయి. గన్నేరు చెట్లను తినేదీ ఇదే. వానాకాలంలో ఒక్క రాత్రిలో కొమ్మ బోసిపోతే దీని పనే అని తెలుసుకోండి. మందు కొట్టాల్సిన పని లేదు, చేత్తో ఏరి వేయవచ్చు. మొక్క మళ్లీ చిగురిస్తుంది. పైగా అది పెరిగి అందమైన పెద్ద చిమ్మెట అవుతుంది కాబట్టి, రెండు మూడు పురుగులుంటే వదిలేయడమే మంచిదని నా సలహా.

పాలు మాత్రం జాగ్రత్త. చర్మానికీ కంటికీ మంట పుట్టిస్తాయి. మొక్కలోని భాగాలు తింటే హాని చేస్తాయి. కళ్లకు మంచిదని ఈ పువ్వు రసం వేసుకునే పద్ధతి కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి వేసుకోకండి, పిల్లలకు అసలే వేయకండి.

నర్సరీల్లో దీని పక్కనే ఇంకో పొట్టి మొక్క కనిపిస్తుంది. తుంచితే పాలు వస్తాయి, తెల్ల నక్షత్రం లాంటి పూలు విరగబూస్తాయి, కానీ రేకులు మెలి తిరగవు, పువ్వు మధ్యలో కుచ్చులాగా చీలికలుంటాయి. అది నందివర్ధనం కాదు. శ్రీలంకకు చెందిన రైటియా జాతి పొద. కుండీకి బాగుంటుంది, పూజకు కోసుకోవడానికీ పనికొస్తుంది. పేరు తెలిసి కొంటే తప్పేమీ లేదు.

## మల్లె

మల్లెకు వేసవే లోకం. ఫిబ్రవరిలో కొత్త చిగుళ్లు వస్తాయి, వాటి కొసల్లో మొగ్గలు సాధారణంగా మూడేసిగా కడతాయి, మార్చి నుంచి జూన్ దాకా పూత. ఆ తర్వాత వానల్లో అక్కడక్కడా నాలుగు పూలు. చలికాలంలో ఆకు కళ తప్పి, ఎండిన పుల్లల్లా కనిపించే కొమ్మలతో దిగులుగా ఉంటుంది. పేరు తెలియక ఆ రోజుల్లో పీకి పారేసిన మల్లెపొదలు ఎన్నో. చలికాలంలో మీ పొద అలా కనిపిస్తే తొందరపడకండి, వేసవి వచ్చేదాకా ఆగండి.

మైలవరం ప్రాంతంలో మల్లె సాగు చేసే రైతులైనా, డాబా మీద ఒక్క కుండీ పెట్టుకున్నవారైనా చేసే పని ఒకటే. నవంబరు ఆఖరు నుంచి జనవరి లోపల నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరిస్తారు. కొత్త కొమ్మ మీదే మొగ్గ వస్తుంది కాబట్టి ఈ కత్తిరింపు లేకపోతే పూత పలచబడుతుంది. మనసు రాక వదిలేసినవారి మల్లె ఏటేటా ఆకే వేస్తుంది.

గార్డీనియాతో తేడా ఇలా తేలుతుంది. మల్లె ఆకు పలచన, కొమ్మలు సన్నగా పొడుగ్గా సాగి వాలిపోతాయి, ఆధారం ఉంటే ఎగబాకుతాయి. గార్డీనియా ఆకు మందంగా మెరుస్తుంది, కొమ్మ గట్టిగా నిటారుగా నిలుస్తుంది.

ఇంకో సందేహం కూడా వస్తుంది. మీ 'మల్లె' కార్తీక మార్గశిరాల్లో పూస్తోందా? పువ్వుకు వాసన దాదాపు లేదా? లేత కొమ్మ, ఆకు, మొగ్గ కింది పచ్చని రక్షక పత్రాలు సన్నని నూగుతో ఉన్నాయా? అయితే అది కాగడా మల్లె. చలికాలపు దండల్లో ఎక్కువగా కనిపించేది అదే. మంచి పొదే, కానీ జడలో వాసన కోసం కొంటే నిరాశ తప్పదు.

## పారిజాతం

ఈ ఐదింటిలో ఋతువును ఇంత స్పష్టంగా చూపేది మరొకటి లేదు. అందుకే దీన్ని గుర్తించడం చాలా సులువు, దీనితో బతకడానికి మాత్రం కొంచెం సర్దుబాటు కావాలి.

తొలకరికి కొత్త ఆకు వేస్తుంది. శ్రావణంలో మొగ్గలు మొదలవుతాయి. ఆశ్వయుజంలో, దసరా రోజుల్లో నిండుగా పూస్తుంది. కార్తీకం దాటాక తగ్గిపోతుంది. సంధ్య వేళ విచ్చుకున్న పువ్వు తెల్లవారేసరికి నేల మీద ఉంటుంది. తెల్లని రేకులు, నారింజ ఎరుపు కాడ. ఆ కాడ ఒక్కటి చాలు, మరే తెల్లపువ్వుతోనూ పొరపడరు. పగడమల్లె అనే పేరు వచ్చిందీ ఆ రంగు వల్లనే. ఎండబెట్టిన కాడల నుంచి బట్టలకు అద్దకం రంగు తీసేవారు. నేల రాలిన పువ్వును పూజకు వాడరన్న నియమం దీనికి వర్తించదు. ఏరుకున్న పూలతోనే పూజ చేస్తారు.

పూత తర్వాత పచ్చటి బిళ్లల్లాంటి కాయలు కడతాయి. చలికాలంలో అవి గోధుమరంగుకు తిరిగి ఎండి కొమ్మల మీదే ఉండిపోతాయి. ఒక్కో కాయలో రెండే గింజలు. జనవరిలో పేరు తెలియని పొదను చూస్తూ ఈ చదునైన కాయలు కనిపిస్తే ఇక వేరే ఆధారం అక్కర్లేదు. ఆకు పైభాగాన్ని వేలితో రుద్దితే కొయ్య సామాను నునుపు చేయడానికి వాడేంత గరుకుగా ఉంటుంది. లేత కొమ్మ గుండ్రంగా కాక నాలుగు పలకలుగా ఉంటుంది.

సర్దుబాటు ఎక్కడంటే వేసవిలో. ఫిబ్రవరి నుంచే ఆకులు పాతబడి చిల్లులు పడి రాలుతుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పొద బోసిగా, చూడటానికి జబ్బు చేసినట్టుగా ఉంటుంది. వాకిట్లో ఏడాదంతా పచ్చదనం కావాలనుకునేవారు దీన్ని గేటు ఎదుట నాటవద్దు. పక్కకో వెనక్కో నాటండి. చెట్టుగా ఎదగగల పొద కాబట్టి గోడకు పది అడుగుల దూరమైనా ఇవ్వండి. కింద గచ్చు కాకుండా మట్టో, పరచడానికి ఓ గుడ్డో ఉంటే పూలు నలగకుండా ఏరుకోవచ్చు.

కత్తిరింపు కాయలు ఎండాక, ఫిబ్రవరి ప్రాంతంలో. జూలై తర్వాత కత్తిరిస్తే ఆ ఏటి పూతను చేతులారా తీసేసినట్టే.

## నాగగొలుగు

నర్సరీలో కామిని అనో మురాయా అనో అడగండి, ఈ పేర్లే ఎక్కువగా చెల్లుతాయి. కరివేపాకు దగ్గరి చుట్టం, నిమ్మ కుటుంబానికి చెందింది. ఆకు నలిపి వాసన చూస్తే ఆ చుట్టరికం తెలిసిపోతుంది. మంచి వాన పడిన కొద్ది రోజులకు పొదంతా తెల్లబడి, నిమ్మపూత లాంటి ఘాటైన సువాసన రాత్రంతా వీధికి పాకుతుంది. మూడు నాలుగు రోజుల్లో అన్నీ కలిసి రాలిపోతాయి. మళ్లీ తర్వాతి విడత దాకా పచ్చని పొద మాత్రమే. పూత తర్వాత చిన్న ఎర్రటి పండ్లు కాస్తాయి, పిట్టలు తింటాయి.

కంచెకు దీన్ని మించినది లేదు. ఆకు రాల్చదు, దట్టంగా అల్లుకుంటుంది, కత్తిరింపును ఓర్చుకుంటుంది. అయితే నెలనెలా చదునుగా కత్తిరించే కంచె పూయదు. పూత కొమ్మల కొసల్లో వస్తుంది కాబట్టి గోడలాంటి కంచె కావాలా, పూలు కావాలా అన్నది ముందే తేల్చుకోండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. బత్తాయి, నిమ్మ తోటలున్న చోట నాగగొలుగు నాటకండి. నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే సిల్లా పురుగుకు ఇది ఇష్టమైన ఆశ్రయం. ఆ తెగులు సోకిన చెట్టుకు మందు లేదు. నల్గొండ, అనంతపురం బత్తాయి రైతుల ఇళ్ల ముందు అలంకారానికి ఈ పొద పెట్టడం తోటకు ముప్పును పెంచడమే. పెరట్లో ఒక్క నిమ్మచెట్టు ఉన్నవారికీ నా సలహా ఇదే. రెండింటిలో ఒకటే ఉంచుకోండి.

## గార్డీనియా

గంధరాజం అనీ అమ్ముతారు. తూర్పు ఆసియా పొద. పువ్వు మందమైన రేకులతో గులాబీలా ముద్దగా ఉంటుంది, సువాసన ఈ ఐదింటిలోకీ గాఢం. తెల్లగా విచ్చిన పువ్వు రెండు మూడు రోజుల్లో వెన్న రంగుకు, ఆపై పసుపుకు తిరుగుతుంది. ముద్ద నందివర్ధనంతో సందేహం వస్తే ఈ రంగు మార్పు చూడండి, లేదా ఆకు తుంచండి. గార్డీనియాకు పాలు ఉండవు. మొగ్గ కొన మెలితిరిగి, వారాల తరబడి విచ్చకుండా ఊరిస్తుంది.

ఇక కష్టం సంగతి. దీనికి ఆమ్ల గుణం ఉన్న నేల కావాలి. మన ఊళ్లలో చాలా చోట్ల నేలలో సున్నం ఎక్కువ, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అటువంటి నీళ్లు పోస్తూ పోతే ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపురంగుకు తిరుగుతుంది. ఇనుము అందడం లేదన్న గుర్తు అది. మార్చి వడగాలికి మొగ్గలు విచ్చకుండానే రాలతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకునే వీలు, మధ్యాహ్నం నీడ పడే చోటు, కొబ్బరి పీచు ఎరువు కలిపిన కుండీ, ఈ మూడూ ఉంటేనే తీసుకోండి. మొదటి మొక్కగా దీన్ని ఎవరికీ చెప్పను. పూత అయిన వెంటనే కత్తిరించాలి, ఆలస్యమైతే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి.

## ఎవరికి ఏది

అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఐదారు గంటల ఎండ పడితే మల్లె, పడకపోతే నందివర్ధనం. పన్నెండు అంగుళాల కుండీ మల్లెకు సరిపోతుంది. బాల్కనీలో పారిజాతం కుండీలో పెట్టి పూయించేవారు ఉన్నారు, కానీ అది ఆ పొద స్వభావానికి విరుద్ధం. రెండో ఏటికే వేర్లు కుండీలో ఇరుక్కుంటాయి.

తగినంత ఖాళీ నేల ఉన్నవారికి రెండు కలిపి నాటమంటాను. నందివర్ధనం ముందు, పారిజాతం వెనుక. పారిజాతం బోసిపోయిన వేసవిలో నందివర్ధనం పచ్చగా అడ్డు నిలుస్తుంది. దానికి ఓ మల్లె కూడా చేరిస్తే వేసవి సాయంత్రాలకు మల్లె, దసరా వేకువలకు పారిజాతం, మిగతా రోజులకు నందివర్ధనం.

చంటిపిల్లలు, ఆకులు కొరికే పెంపుడు జంతువులు ఉన్న ఇళ్లు నందివర్ధనాన్ని కొన్నేళ్లు పక్కన పెట్టడం మంచిది. మల్లె నిశ్చింతగా నాటవచ్చు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి లెక్క మారుతుంది. మన దగ్గర మొండికేసే గార్డీనియా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, ముఖ్యంగా జార్జియా లాంటి ఆమ్ల నేలల్లో, ఆరుబయటే హాయిగా పెరుగుతుంది. తేలికపాటి మంచునూ తట్టుకుంటుంది. మల్లె మంచును తట్టుకోదు. కుండీలో పెంచి చలికాలంలో ఇంట్లోకి తెచ్చుకోవాలి. అక్కడ దాన్ని అరేబియన్ జాస్మిన్ అని అమ్ముతారు. ఒంటిరేకు పూలకు మెయిడ్ ఆఫ్ ఓర్లియన్స్, బొడ్డుమల్లెకు గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ అని అడగండి. ఫిలిప్పీన్స్ 1934లో జాతీయ పుష్పంగా ప్రకటించుకున్నది ఈ మల్లెనే కాబట్టి, ఆ దేశంవారిని అడిగితే సంపగీత అనే పేరుతో మంచి మొక్క దొరకవచ్చు. స్టార్ జాస్మిన్ అని కనిపించేది మల్లె కాదు, తుంచితే పాలు కారే వేరే తీగ. నాగగొలుగును అమెరికాలో ఆరెంజ్ జాస్మిన్ అంటారు. 2005లో ఫ్లోరిడాలో గ్రీనింగ్ తెగులు బయటపడినప్పటి నుంచి నిమ్మజాతి మొక్కలతో పాటు దీని రవాణా మీదా ఆంక్షలున్నాయి. స్నేహితుల ఇంటి నుంచి కొమ్మ తెచ్చుకునే ముందు మీ రాష్ట్ర నిబంధనలు చూసుకోండి.

## కొనే నెల, నాటే నెల

పూత మీద ఉన్న మొక్కను కొంటే మోసపోయే అవకాశం లేదు. మల్లె మార్చిలో, పారిజాతం సెప్టెంబరులో, గార్డీనియా ఏప్రిల్‌లో. కానీ నేలలో నాటడానికి మంచి కాలం జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా. రెండూ కలవవు. అందుకని మార్చిలో కొన్న మల్లెను వేసవంతా కుండీలోనే నీడపట్టున ఉంచి, వానలు నిలదొక్కుకున్నాక నేలలోకి దించండి. గార్డీనియాకూ అదే పద్ధతి. పారిజాతం సెప్టెంబరులో కొన్నా వెంటనే నాటవచ్చు, ఈశాన్య ఋతుపవనం వాన అందే కోస్తా, రాయలసీమల్లో ఇబ్బంది ఉండదు. తెలంగాణలో అయితే నవంబరు నుంచి వారానికి రెండుసార్లు నీళ్లు పోయాలి.

కడియం వైపు వెళ్లి నర్సరీల్లో ఒకేసారి అన్నీ కొనుక్కొచ్చేవారు పూలు లేని మొక్కను తీసుకోక తప్పదు. అప్పుడు ఒక్కో ఆకు తుంచి చూపించమని అడగండి. పాలు, గరుకు, నిమ్మవాసన, ఈ మూడు పరీక్షలకు నిమిషం పట్టదు. ఇంటికి తెచ్చాక ప్రతి కుండీకీ పేరూ, తొలిపూత నెలా రాసిన చీటీ కట్టండి. ఆ నెల వచ్చి వెళ్లినా మొగ్గ కనిపించకపోతే మొక్క మారిందనుకునే ముందు ఎండ చాలుతోందో లేదో, కత్తిరింపు వేళ తప్పిందేమో చూడండి. ఆకు, కొమ్మ సరిపోయి పూత రాకపోతే లోపం చాలాసార్లు ఈ రెండింటిలోనే ఉంటుంది.